కుడిపక్క మనిషి

పోయిన వారం కథ పర్శరాములు ఇంటి గడప దగ్గర ఆగింది. కొత్తవాడలో జంపఖానాలు నేసే పర్శరాములుకు కొన్నాళ్ళుగా కుడికన్ను వెనక నుంచి తలనొప్పి పొడుచుకొస్తోంది. పొద్దుగూకి దీపం వెలిగిస్తే దాని చుట్టూ రంగుల గుండ్రాలు కనిపిస్తున్నాయి. హైదరాబాదు నుంచి నెలకోసారి సుబేదారి దవాఖానకు వచ్చే కండ్ల డాక్టరుకు చూపించుకొమ్మని భార్య లచ్చవ్వ పోరు పెట్టి ఒప్పించింది. తీరా బయల్దేరే పొద్దున తానూ వస్తానంది. ఆ డాక్టరు ఉర్దూ తప్ప మాట్లాడడు, నీకేం తెలుస్తుంది, నా వెంట లియాఖత్ వస్తున్నాడు చాలు అని పర్శరాములు ఆమెను గడప లోపలే నిలబెట్టాడు. జొన్నరొట్టెల మూట అతని చేతిలో పెట్టి, లచ్చవ్వ తలుపు పక్కకు తప్పుకుంది.

లియాఖత్ అలీ పర్శరాములుకు చుట్టమూ కాదు, కులమూ కాదు. మగ్గం మీద జోడీ. వెడల్పాటి జంపఖానా ఒక్కడు నేస్తే తెగదు. ఒకే బల్ల మీద ఇద్దరు మోకాలికి మోకాలు ఆనించి కూర్చుని చెరో సగం నేస్తారు. ఎడమ సగం పర్శరాములుది, కుడి సగం లియాఖత్‌ది. నూలు చుట్టిన కండెను లియాఖత్ కుడి అంచు నుంచి నడుమ దాకా తెచ్చి అందిస్తాడు. పర్శరాములు దాన్ని అందుకుని, వచ్చిందన్న గుర్తుగా ‘అచ్చింది’ అంటాడు. ఆ మాట అన్నాకే ఇద్దరి చేతుల్లోని ఇనప పంజాలు పోగును దిగ్గొడతాయి. రెండు పంజాలు ఒక్క చప్పుడుగా పడాలి. ఒకటి ముందు, ఒకటి వెనక పడితే నడుమన వంకర తేలుతుంది. వీరభద్రం కార్ఖానాలో వంకర లేని జోడీ అని వీళ్ళకు పేరు.

ఇప్పుడు వాళ్ళ మగ్గం మీద పెద్ద జంపఖానా సగానికి వచ్చి ఉంది. పీరీల పండుగలోపు అది దిగాలి, ఈ ఒక్క పూటకు పొమ్మంటున్నాను, మళ్ళీ మగ్గం ఖాళీగా కనిపిస్తే వేరే జోడీని కూర్చోబెడతాను అని వీరభద్రం చెప్పే పంపాడు. వీరభద్రం చెడ్డవాడు కాదు. నూలు పర్మిట్ల కోసం తిరిగి తిరిగి అతనికీ నెత్తి నెరిసింది.

టాంగా హనుమకొండ దాటేసరికి ఎండ ఎక్కింది. పర్శరాములు పెట్టె అడుగున ఉన్న ధోతి తీసి కట్టుకొచ్చాడు. లియాఖత్ దాన్ని కిందినుంచి మీదికి చూసి, కండ్లు చూపెట్టుకునేటందుకు గింత సోకు ఎందుకన్నాడు.

“బట్టలు మంచిగుంటే రోగం జర చిన్నగ చెప్తరట భాయ్,” అన్నాడు పర్శరాములు.

“అయితే నా షేర్వానీ గూడ తెస్తుంటి గద. అసలు రోగమే లేదంటుండె.”

టాంగావాడు కూడా నవ్వాడు. నవ్వుతూనే దవాఖాన ముందు దిగారు.

వరండా నిండా జనం. ఒక చప్రాసి పేర్లు పిలుస్తున్నాడు. పర్శరాములు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తన వంతు దగ్గరికొచ్చేసరికి లియాఖత్ చొక్కా అంచు పట్టుకున్నాడు. అతని అరచేతి చెమట లియాఖత్ నడుముకు తెలుస్తూనే ఉంది.

లోపల డాక్టరు పెద్దవయసు మనిషి. తలుపు దగ్గర తోసుకుంటున్నవాళ్ళను ఒక కంట చూస్తూనే పని చేస్తున్నాడు. మధ్యాహ్నం కాజీపేటలో బండి పట్టుకోవాలని ఆయన తొందర. పర్శరాములును బెంచీ మీద కూర్చోమన్నాడు. తోడు వచ్చిన లియాఖత్‌ను ఎవరూ ఎక్కడా కూర్చోమనలేదు. అతను అలవాటు కొద్దీ పర్శరాములుకు కుడిపక్కన, అదే బెంచీ మీద కూర్చున్నాడు.

డాక్టరు దూరం నుంచి వేళ్ళు చూపించి ఎన్ని అని అడిగాడు. లియాఖత్ అడిగింది తెలుగులో చెప్పాడు, పర్శరాములు సరిగ్గానే చెప్పాడు. ఎదురుగా చూపు బాగుంది. తరవాత ఎడమకన్ను మూసుకొని తన ముక్కువైపే చూడమన్నాడు డాక్టరు. నేను పక్కనుంచి వేలు తెస్తాను, కనిపించగానే చెప్పు, తల తిప్పవద్దు అన్నాడు. వేలు కుడిచెవి వెనకనుంచి నెమ్మదిగా ముందుకు కదిలింది.

“అచ్చింది,” అన్నాడు పర్శరాములు.

మళ్ళీ పైనుంచి తెచ్చాడు. మళ్ళీ కిందినుంచి తెచ్చాడు. రెండుసార్లూ పర్శరాములు తడుముకోకుండా అచ్చింది అన్నాడు. డాక్టరు తృప్తిగా తలాడించి, కనుగుడ్డు గట్టిదనం చూడటానికి రెప్పమీదికి రెండు వేళ్ళు చాచాడు. పర్శరాములు తల వెనక్కి విసురుగా లాక్కున్నాడు, గోడకు కొట్టుకునేంతగా. భయపడుతున్నాడు సాబ్ అని లియాఖత్ సర్దిచెప్పాడు. డాక్టరు ఒక క్షణం చూశాడు. తలుపు దగ్గర ఎవరో ఏడుస్తున్న పిల్లను పైకెత్తి చూపిస్తున్నారు. పక్కచూపు మంచిగానే ఉంది, ఇంతకన్నా ఏం చూడాలి అనుకున్నాడేమో, చెయ్యి దించేశాడు. దీపం వెలుగులో నేయవద్దన్నాడు. కన్ను కడుక్కునే మందు రాసిచ్చి, ఫికర్ లేదు పొమ్మన్నాడు.

బయటికొచ్చాక పర్శరాములు మొహం విప్పారింది. అతను పది మందిలో అంత పెద్దగా మాట్లాడటం లియాఖత్ ఎప్పుడూ వినలేదు. లచ్చి ఉత్తగనే పరేషాన్ చేసిందని, ఇంటికి పోగానే చెప్తానని, రొట్టె తిని పొద్దు ఉండగానే పోయి మగ్గం మీద కూర్చుందామని ఒకదాని మీద ఒకటి చెప్పుకుంటూ గేటు దాటి రోడ్డు మీద అడుగు పెట్టాడు.

కుడివైపు నుంచి సైకిలు వస్తోంది. కచేరీ గుమాస్తా ఎవరో, గంట కొడుతూనే వస్తున్నాడు. పర్శరాములు ఆగలేదు, జంకలేదు. చెట్టు నీడలోకి నడిచినంత నిమ్మళంగా సైకిలుకు ఎదురు నడిచాడు. లియాఖత్ అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. సైకిలు హ్యాండిలు పర్శరాములు మోచేతికి గీరుకుని పోయింది. గుమాస్తా కాలు నేలకానించి ఆగి, కండ్లు లేవా అని అరిచాడు.

“ఉన్నయి సారూ. గిప్పుడే డాక్టరు సాబు చెప్పిండు,” అని పర్శరాములు నవ్వాడు.

లియాఖత్ నవ్వలేదు. గంట వినపడలేదా అని అడిగాడు. వినపడ్డది గానీ ఎటుదిక్కో తెలవలే అన్నాడు పర్శరాములు మోచెయ్యి రుద్దుకుంటూ. ఇంత పెద్ద సైకిలు కనపడనివాడికి చిటికెన వేలంత వేలు ఎలా కనపడింది? లియాఖత్ అక్కడే నిలబడిపోయాడు.

బెంచీ మీద కూర్చున్నప్పుడు డాక్టరు వేలును తాను చూస్తూనే ఉన్నాడు. అది కండె లాగే కుడినుంచి నడుమకు వస్తోంది. వచ్చీ రాగానే తన మోకాలు పర్శరాములు మోకాలికి తగిలింది. తగిలించాలని అనుకోలేదు. తగిలిందని కూడా అప్పుడు తెలియలేదు. రోజంతా మగ్గం మీద చేసే పని అది.

ఏడాది కిందట ఒకనాడు లియాఖత్ అందించిన కండె పర్శరాములు చేతికి అందకుండా పడుగులో పడింది. పర్శరాములు దానికోసం చేత్తో తడిమాడు. ఆ మర్నాడూ అలాగే అయింది. పక్క మగ్గంవాళ్ళు తల తిప్పి చూశారు. పెద్దవాడిని ఏమని అడగాలో లియాఖత్‌కు తోచలేదు. ఆ తరవాతి కండె నడుమకు రాగానే మోకాలితో చిన్నగా తాకాడు. పర్శరాములు అందుకుని అచ్చింది అన్నాడు. పంజాలు కలిసి పడ్డాయి. ఇద్దరూ ఆ సంగతి ఒక్కసారీ మాట్లాడుకోలేదు. వయసు మీద పడితే అందరికీ చూపు తగ్గుతుంది, జోడీ అన్నాక ఆమాత్రం సాయం ఉండదా అనుకున్నాడు లియాఖత్. అలా తాకుతూ తాకుతూ అది మోకాలి పనే అయిపోయింది, మనసుకు సంబంధం లేకుండా.

ఆ మోకాలే ఈరోజు డాక్టరుకు జవాబు చెప్పింది.

గోడ నీడలోకి తీసుకుపోయి కూర్చోబెట్టి లియాఖత్ అతన్ని సూటిగా అడిగాడు. “పర్శన్నా, లోపల వేలు కనపడ్డదా నీకు?”

పర్శరాములు రొట్టెల మూట ముడి విప్పుతున్నాడు. “అచ్చింది అన్న గద.”

“అన్నవు. కనపడ్డదా అని అడుగుతాన.”

ముడి విప్పుతున్న వేళ్ళు ఆగాయి. “నీ మోకాలు తాకింది. అచ్చింది అన్న,” అన్నాడు.

మొదటిసారి తనకూ తెలియకుండానే నోట్లోంచి వచ్చిందట. రెండోసారికి తెలిసిందట. తెలిసే అన్నాడట. డాక్టరు ఇంకా లోపలే ఉన్నాడు, పోయి ఉన్న సంగతి చెప్తానని లియాఖత్ బయల్దేరాడు. పర్శరాములు అతని చొక్కా పట్టుకున్నాడు, వరండాలో పట్టుకున్నట్టే.

అప్పుడు చెప్పాడు తన తండ్రి సంగతి. ఇన్నేళ్ళ జోడీలో లియాఖత్ విననిది. తండ్రికి చూపు మసకబారితే నెక్కొండ అంగడికి తీసుకుపోయారు. అక్కడ టేషను ముందర కంట్లో సూది వేసేవాడు ఒకడు కూర్చునేవాడు. సూది వేసినరోజు తండ్రి చేతిగీతలు చూసుకుని, నాకు కనపడుతున్నయిరా అని ఏడ్చాడు. వారం తిరగకముందే రెండు కండ్లూ చీము పట్టిపోయాయి. ఆ తరవాత ఆయన బతికినన్నాళ్ళూ ఇంటిమూల కూర్చుని కండెలు చుట్టాడు. ఎరుపూ నలుపూ కలిపి చుట్టేవాడు. తల్లి ఆయన నిద్రపోయాక విప్పి మళ్ళీ చుట్టేది. మంచిగ చుట్టిన్నా అని ఆయన రోజూ అడిగేవాడు. మంచిగ చుట్టినవని ఆమె రోజూ చెప్పేది.

“నా కన్ను ఎవ్వలు ముట్టద్దు భాయ్,” అన్నాడు పర్శరాములు. “నడుస్తాంది గద. నీ మోకాలున్నంక నాకు గా దిక్కు కన్ను ఎందుకు?”

“మగ్గం మీద నేనుంట. తొవ్వల ఎవలుంటరు? గిప్పుడు సైకిలొచ్చింది. రేపు లారీ అస్తది.”

“రాని.”

“అట్ల మాట్లాడకే. గాయన సూదిగాడు కాదు, చదువుకున్న డాక్టరు. నేను తప్పు చేసిన పర్శన్నా. నేను చెప్పకపోతే నా కడుపుల ముద్ద దిగది.”

పర్శరాములు చొక్కా వదిలేశాడు. గొంతు పెంచలేదు. మగ్గం మీద ఏ రంగు కండె తీయాలో చెప్పినంత మెల్లగా చెప్పాడు. “పో. పోయి చెప్పు. చెప్పినంక నా పక్కన కూసోకు.”

ఒకే బల్ల మీద కూర్చున్నన్ని ఏండ్లలో ఇద్దరి మధ్యా మాట పట్టింపు వచ్చినా సాయంత్రానికి పోయేది. ఈ మాట అలా పోయేది కాదు. లియాఖత్ దవాఖాన వైపు ఒక అడుగు వేసి ఆగాడు. వెనక్కి తిరిగి చూస్తే పర్శరాములు రొట్టె తుంచి నోట్లో పెట్టుకోకుండా చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

అంతలో చప్రాసి వరండా మెట్లమీదికి వచ్చి పిలిచాడు. “లియాఖత్ అలీ పక్కన కూసునేటాయన ఎవలయ్యా? ఎవలో ఆడిమనిషి అడుగుతాంది.”

మెట్ల కింద లచ్చవ్వ నిలబడి ఉంది. కాళ్ళు మోకాళ్ళ దాకా దుమ్ముకొట్టుకుని ఉన్నాయి. టాంగా ఎక్కలేదు, కొత్తవాడ నుంచి నడిచే వచ్చింది. రోగి పేరు చెప్పమని చప్రాసి అడిగితే ఆమె మొగుడి పేరు నోటితో ఎట్లా చెబుతుంది? పేరు చెప్పందే పిలవనన్నాడు అతను. ఆమె ఆలోచించి ఆలోచించి చివరికి ఈ గుర్తు చెప్పింది. వరండాలో ఉన్నవాళ్ళు ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

లియాఖత్ ఎదురుపోయాడు. వదినెకు అబద్ధం చెప్పటం అతనికి చేతకాదు. బెంచీ దగ్గర జరిగిందీ, ఏడాదిగా మగ్గం మీద జరుగుతున్నదీ తలవంచుకుని చెప్పేశాడు. ఆమె తిడుతుందనుకున్నాడు, లేదా ఏడుస్తుందనుకున్నాడు. లచ్చవ్వ కొంగుతో మొహం తుడుచుకుని, పర్శరాములు కూర్చున్న చోటికి వచ్చి, అతనికి ఎదురుగా నేలమీద చతికిలబడింది.

“నాకెర్కనే తమ్మీ,” అంది. లియాఖత్‌తో అంటున్నా చూపు మొగుడి మీదే ఉంది. “మగ్గం సంగతి ఎర్కలే. ఇంట్ల సంగతి ఎర్క.”

పోయినేడు బతుకమ్మ పండుగప్పుడు పర్శరాములు అన్నం తింటూ కుడిపక్కన పెట్టిన నీళ్ళచెంబును తన్నేశాడు. తొవ్వలో పెట్టినవని ఆమెనే కోపం చేశాడు. చెంబు రోజూ పెట్టేచోటే ఉంది. ఆమె మర్నాటినుంచి ఎడమ దిక్కు పెట్టటం మొదలుపెట్టింది. తరవాత మంచాన్ని కుడిగోడకు జరిపింది, ఆ పక్కన కాలికి తగలటానికి ఏమీ లేకుండా. కందిలి వేలాడదీసే కొయ్యను పీకి ఎడమ గోడకు కొట్టించింది. ఎందుకు మార్చినవని అతను అడిగితే గాలికి ఆరిపోతాంది అని చెప్పింది.

పర్శరాములు తల ఎత్తాడు. “చెంబు గూడనా లచ్చీ?”

“చెంబు గూడ.”

అతని చేతిలోని రొట్టెముక్క ధోతి మీద పడింది. మగ్గం దగ్గర సంగతి అతనికి తెలుసు. కానీ ఇంట్లో ఎన్నడూ ఏదీ తప్పలేదు. ఆ పండుగనాటి తరవాత ఒక్క గిన్నె తన్నలేదు, ఒక్క గోడకు గుద్దుకోలేదు. కన్ను అంతగా పోలేదనటానికి ఏడాదిగా అతను మనసులో పట్టుకుని వేలాడుతున్న సాక్ష్యం అదొక్కటే.

“మా అమ్మ లెక్కనే చేసినవు,” అన్నాడు.

“నాకేం తెల్సు మీ అమ్మ ఏం చేసిందో? నీకు బాధ కావద్దని నేను, నీ జాగ పోవద్దని గీ తమ్మి. ఇద్దరం కల్సి నీ కండ్లకు గంతలు కట్టినం. ఇగ నాతోని కాదు.” లచ్చవ్వ రొట్టెల మూట ముడి వేసింది. “రేపటిసంది చెంబు కుడిదిక్కే పెడ్త. తన్నుకుంటవో, దవాఖానల చూపెట్టుకుంటవో నీ ఇష్టం.”

పర్శరాములు లేచి, ధోతి దులుపుకుని, ఎవరినీ చూడకుండా మెట్లవైపు నడిచాడు. రెండో మెట్టు మీద కుడిభుజం స్తంభానికి కొట్టుకుంది. ఈసారి లియాఖత్ పట్టుకోలేదు. పట్టుకోకుండా ఉండటానికి రెండు చేతులూ వెనక్కి కట్టుకోవలసి వచ్చింది.

డాక్టరు సంచీ సర్దుకుంటున్నాడు. మొదట విసుక్కున్నాడు. లియాఖత్ ఉర్దూలో జరిగింది జరిగినట్టు చెప్పాడు, మగ్గం, కండె, మోకాలు అన్నీ. వింటున్న కొద్దీ ఆయన మొహం ఎర్రబడింది. తోడు వచ్చేది ధైర్యానికి, పరీక్షలో రోగి బదులు జవాబు చెప్పటానికి కాదు అని గట్టిగానే అన్నాడు. లియాఖత్ తల వంచాడు. ఆ తరవాత ఆయనే కొంచెం మెత్తబడి, రెప్ప మీద చెయ్యి వేయకుండా పంపటం నా పొరపాటు, తొందరపడ్డాను అన్నాడు. లియాఖత్ ఆ మాట కూడా తెలుగులో చెప్పాడు. పెద్ద డాక్టరు తన పొరపాటు చెప్పుకోవటం విని పర్శరాములు మొదటిసారి ఆయన మొహంలోకి చూశాడు.

లియాఖత్‌ను కిటికీ దగ్గర నిలబడమన్నారు. లచ్చవ్వ బెంచీకి ఎడమ కొసన కూర్చుంది. పర్శరాములు కుడిపక్క ఖాళీగా ఉంది.

ఎడమకన్ను మూయించాక డాక్టరు వేలు కుడిచెవి వెనకనుంచి బయల్దేరింది. లియాఖత్ కిటికీ దగ్గరనుంచి చూస్తున్నాడు. వేలు చెవి దాటింది, చెంప దాటింది. పర్శరాములు మోకాలు తనంత తానే కుడికి కొంచెం జరిగింది, దేనికోసమో వెతుక్కున్నట్టు. అక్కడ ఏమీ తగల్లేదు. వేలు కంటి కొస దాటింది. లచ్చవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వేలు ముక్కు దగ్గరికి, డాక్టరు మొహానికీ పర్శరాములు మొహానికీ నడుమకు వచ్చి నిలిచింది.

“అచ్చింది,” అన్నాడు పర్శరాములు అప్పుడు.

రెప్ప మీద వేళ్ళు వేయటానికి డాక్టరు వంగగానే పర్శరాములు మళ్ళీ బిగుసుకున్నాడు. లచ్చవ్వ లేచి అతని నెత్తిమీద అరచెయ్యి పెట్టింది. పదిమందిలో మొగుణ్ణి ముట్టుకోవటం ఆమె జన్మలో అదే మొదలు. అతను తల లాక్కోలేదు. డాక్టరు కుడికన్ను నొక్కి చూశాడు, ఎడమది చూశాడు, మళ్ళీ కుడిది చూశాడు. ఆయన చేతిలో ఇప్పుడు తొందర లేదు.

ఆయన చెప్పింది లియాఖత్ తెలుగులో చెప్పాడు. ఈసారి ఏ మాటా మెత్తబరచలేదు. కుడికన్ను గులకరాయిలా గట్టిపడింది. కంటిలో నీళ్ళు బయటికి పోయే దారి మూసుకుపోయి, ఆ ఒత్తిడికి చూపునరం ఎండుతోంది. పోయిన చూపు తిరిగి రాదు. ఎడమకంట్లోనూ మొదలైంది, కానీ అది ఇంకా చేతిలోనే ఉంది. ఆపరేషను చేసి నీళ్ళకు దారి చేస్తే ఉన్నది నిలుస్తుంది. మళ్ళీ నెల నేను వచ్చేదాకా ఆగితే మాట ఇవ్వలేను, ఈ మధ్యాహ్నం బండికే నాతో హైదరాబాదు రండి, మంచం నేనే ఇప్పిస్తాను.

పర్శరాములు ఒక్కటే అడిగాడు, సూదా అని. కాదని, మత్తుమందు వేసి చేస్తారని, చేసేది తానేనని డాక్టరు చెప్పాడు. పర్శరాములు లచ్చవ్వ వైపు చూశాడు. ఆమె తలాడించింది. అతనూ తలాడించాడు.

ఇంకో మాట ఉందన్నాడు డాక్టరు. ఆపరేషను అయ్యాక రెండు కండ్లకూ కట్టు కడతారు. కట్టు విప్పేదాకా తల కదపకుండా పడుకోవాలి. దాహమైనా నొప్పి అయినా చెప్పుకోవటానికి, మేం చెప్పింది విప్పి చెప్పటానికి రెండు భాషలూ తెలిసినవాడు పక్కన ఉండాలి. మగవాళ్ళ వార్డులో ఆడమనిషిని ఉండనివ్వరు. ఒక్క మనిషిని మాత్రం రానిస్తారు.

ఈ చివరి మాటలు చెప్పేటప్పుడు లియాఖత్ గొంతు తగ్గింది. డాక్టరు తప్ప మిగిలిన ముగ్గురికీ ఒకే సంగతి గుర్తొచ్చింది. సగానికి వచ్చిన జంపఖానా. ఖాళీ మగ్గం. అందులో ఒక్క సీటు ఖాళీ అయితే వీరభద్రం ఇంకెవరినో లియాఖత్ పక్కన కూర్చోబెట్టి పని గట్టెక్కించుకుంటాడు. రెండూ ఖాళీ అయితే మగ్గమే పోతుంది. ఇంట్లో లియాఖత్‌కు తల్లి అజ్మత్ బీ ఉంది, చిన్నపిల్లలున్నారు.

“సాథ్ కౌన్ ఆయేగా?” అన్నాడు డాక్టరు. తోడు ఎవరొస్తారని.

ఆ ప్రశ్నను లియాఖత్ తెలుగులో చెప్పలేదు. కిటికీ దగ్గరనుంచి వచ్చి పర్శరాములు కుడిపక్కన ఖాళీగా ఉన్న చోట కూర్చున్నాడు. కూర్చుని, మోకాలితో అతని మోకాలిని చిన్నగా తాకాడు. ఈసారి తెలిసే తాకాడు.

పర్శరాములుకు ఉర్దూ అంతగా రాకపోయినా ప్రశ్న అర్థమైంది. జవాబూ అందింది. అతను అచ్చింది అనలేదు. తన మోకాలిని మెల్లగా ఎడమకు, లచ్చవ్వ వైపుకు జరుపుకున్నాడు. ఇద్దరి మధ్యా జానెడు బెంచీ చెక్క కనిపించింది.

“డాక్టరు సాబుకు చెప్పు భాయ్,” అన్నాడు ముందుకే చూస్తూ. “నా ఎంట ఎవ్వలు రారు. లియాఖత్ మగ్గం మీద కూసుంటడు. నేనొక్కణ్ణే పోత.”

లచ్చవ్వ లియాఖత్ వైపు చూసింది. ఆ తెలుగు ముక్క డాక్టరుకు తెలియలేదు. ఏమన్నాడో చెప్పమని ఆయనా లియాఖత్ మొహంలోకే చూశాడు.